జూన్ అయిపోయింది, జనవరిలో రాసుకున్నవి ఏమయ్యాయి?

ప్రశ్న: అక్కా, మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు, నాకు 34. రొయ్యల మేత డీలర్ దగ్గర అకౌంట్స్ చూస్తాను. జనవరి 1న డైరీలో నాలుగు రాసుకున్నా. 60,000 దాచాలి, 8 కేజీలు తగ్గాలి, జీఎస్టీ కోర్సు పూర్తి చెయ్యాలి, స్కూటీ నేర్చుకోవాలి. మొన్న డైరీ తీస్తే స్కూటీ ఒక్కటే అయ్యింది. దాచింది 11,000, బరువైతే ఇంకో కేజీ పెరిగాను, కోర్సు మూడో పాఠం దగ్గరే ఆగిపోయింది. మా ఆయనేమో ఇప్పుడెందుకులే వచ్చే జనవరికి చూసుకో అంటున్నారు. వదిలేయనా?

జవాబు: వదలొద్దు చెల్లెమ్మా, అలాగని ఆ లిస్టుని ఉన్నదున్నట్టు డిసెంబర్ దాకా మొయ్యొద్దు కూడా. నువ్వు రాసుకున్నది జనవరి 1న, మన గోదావరి జిల్లాల్లో ఆ నెల ఇల్లు ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా, రెండు వారాల్లో సంక్రాంతి, ఆడపడుచులు అల్లుళ్ళు దిగుతారు, బట్టలు, అరిసెలు, పొయ్యి ఆరదు, అది అయ్యిందనుకుంటే మాఘమాసం పెళ్ళిళ్ళు చదివింపులు, మార్చిలో పిల్లల పరీక్షలు, ఆ తర్వాత ఎండలు, జూన్ రాగానే స్కూలు ఫీజులు. ఇంత ఖర్చున్న ఆరు నెలల్లో 11,000 మిగిల్చావంటే అది చిన్న విషయం కాదు, నేనైతే దాన్ని ఓటమి కింద రాయను.

మా నాన్నగారు దాళ్వా (రబీ) ధాన్యం అమ్మేశాక, కాలవకి నీళ్ళు వదిలేలోపు, అరుగు మీద కూర్చుని ఒక పాత నోట్ బుక్ తీసేవారు. పెన్సిల్‌తోనే రాసేవారు, తడిస్తే ఇంకు చెదిరిపోతుందని. ఎకరానికి ఎన్ని బస్తాలు అయ్యాయో ఒక్క లైనులో తేల్చేసి, మిగతా పేజీ అంతా ఏ మడిలో నీళ్ళు నిలిచాయి, ఏ బోదె (పంట కాలవ) పూడిపోయింది, ఎరువు ఏ వారం ఆలస్యమైంది, ఇవే రాసేవారు. సార్వాకి (ఖరీఫ్‌కి) దిగే ముందు ఆయనకి కావల్సింది ఆ పేజీనే. నువ్వు కూడా 'కాలేదు' అని ఒక్క మాట రాసి ఆపెయ్యకుండా ఎక్కడ నీళ్ళు నిలిచాయో రాయి. స్కూటీ గురించి ఇంకా ఎక్కువ రాయి, ఎవరు నేర్పారు, ఏ టైంలో వెళ్ళేదానివి, ఎన్నాళ్ళకి భయం పోయింది. మిగతా మూడింటికి పనికొచ్చేది అందులోనే ఉంటుంది.

ఇంకోటి, నీళ్ళు ఆలస్యమైన ఏడాది ఆయన చేను బీడు పెట్టలేదు. మీ పక్కనే ఉన్న మారుటేరు వరి పరిశోధన కేంద్రం వాళ్ళు 1982లో ఇచ్చిన స్వర్ణ రకానికి 145, 150 రోజులు కావాలి కదా, టైం చాలదనుకుంటే దాన్ని పక్కనపెట్టి 120 రోజుల రకం వేసేవారు. జూలై 1 నుంచి డిసెంబర్ 31 దాకా నీ చేతిలో ఉన్నది 184 రోజులు, వాటికి సరిపడే పంట చూసుకో.

డబ్బు సంగతి చూద్దాం. మిగతా 49,000 ఆరు నెలల్లో అంటే నెలకి 8 వేలు పైనే, ఇప్పటిదాకా నెలకి రెండు వేలు కూడా పడనప్పుడు అది అవ్వదు. ఆషాఢంలో ముహూర్తాలుండవు, చదివింపులుండవు, కాబట్టి ఆ నెలలో బ్యాంకులో నెలకి 4,000 కట్టేలా ఆరు నెలల ఆర్డీ (రికరింగ్ డిపాజిట్) మొదలుపెట్టు, పాతదానితో కలిపి 35,000 అవుతుంది. సంక్రాంతి ఖర్చు మాత్రం వేరే పద్దు రాసుకో, లేకపోతే ఇది కూడా అరిసెల్లో కలిసిపోతుంది.

కోర్సు ఎందుకు ఆగిందో నీ ఉద్యోగమే చెప్తోంది. 11కి జీఎస్టీఆర్ వన్ రిటర్న్, 20కి త్రీబీ రిటర్న్ వెయ్యాలి, ఆ రెండు తారీఖుల మధ్య నీకు ఊపిరాడదు, ఆ రోజుల్లో పాఠం వినలేదని బాధపడటం దండగ. 21 నుంచి నెలాఖరు దాకా రోజూ గంట కూర్చో. నెలకి పది రోజులు, మొత్తం 60 గంటలు.

ఇక ఆ 8 కేజీలు. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చింది, డాక్టర్ చెప్పారా, పెళ్ళిలో ఎవరో అన్నారా? రెండోదైతే ఇవాళే కొట్టేయి, నాకు ఆ మాటలంటే నిజంగా కోపం. దాని బదులు వారానికి ఐదు రోజులు అరగంట గట్టి నడక పెట్టుకో, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకి చెప్పేది వారానికి కనీసం 150 నిమిషాలే. కాలవ గట్టు ఉంది, వాన పడితే వరండా ఉంది.

ప్రశ్న: అక్కా, మాది అమలాపురం. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తున్నా. మిడ్ ఇయర్ రివ్యూ ఫామ్ వచ్చింది. మొదట్లో పెట్టిన టార్గెట్లలో రెండు అసలు మొదలే కాలేదు, ప్రాజెక్ట్ మారిపోయింది. ఫామ్‌లో ఏం రాయాలో తెలీట్లేదు.

జవాబు: తమ్ముడూ, ప్రాజెక్ట్ మారిందన్న మాటే ముందు రాయి, ఏ నెలలో మారింది, ఎవరు చెప్తే మారింది, దాని బదులు నువ్వేం చేశావు. ఊరికే 'బాగా కష్టపడ్డాను' అని రాస్తే చదివేవాళ్ళకి ఏమీ అందదు, అంతకుముందు ఆ పనికి ఎంత టైం పట్టేది ఇప్పుడెంత, ఎన్ని తప్పులు దొరికాయి, అలా అంకెతో రాయి. ఆ రెండు పాత టార్గెట్లు తీసేసి కొత్తవి పెట్టమని మేనేజర్‌ని ఇప్పుడే అడుగు, ఫోన్‌లో ఒప్పుకున్నా సరే తర్వాత ఒక మెయిల్ పెట్టు. ఏడాది చివర కూర్చున్నప్పుడు ఈ మాట ఎవరికీ గుర్తుండదు, ఆఫీసులో కనపడకుండా దూరంగా పనిచేసేవాళ్ళకి మరీను. ప్రతి శుక్రవారం సాయంత్రం ఆ వారం ఏం చేశావో రెండు లైన్లు రాసిపెట్టుకుంటే వచ్చేసారి ఫామ్ దానంతటదే నిండుతుంది.

ప్రశ్న: అమ్మా, నేను నరసాపురం దగ్గర టీచర్‌ని, 58 ఏళ్ళు. జనవరిలో షుగర్ టెస్టు (హెచ్‌బీఏ1సీ) 8.1 వచ్చింది. జూన్ కల్లా 7కి తెస్తానని డాక్టర్ గారికి మాటిచ్చాను. పండగకి, పెళ్ళిళ్ళకి అదుపు తప్పాను, అందుకే భయమేసి మళ్ళీ టెస్టుకే వెళ్ళలేదు.

జవాబు: మాస్టారూ, ఈ వారమే వెళ్ళండి. ఆ టెస్టు చూపించేది గడిచిన రెండు మూడు నెలల షుగర్ సగటు, సంక్రాంతి అరిసెలు అందులో ఎప్పుడో పోయాయి. ఎక్కువొచ్చినా మందు మార్చాలా, డోస్ మార్చాలా అని డాక్టర్ గారు చూసుకుంటారు, కాగితం చూపించకపోతే ఆయన మాత్రం ఏం చెయ్యగలరు. మీరు మాట తప్పారని ఆయనేమీ అనుకోరు, రోజూ మీలాంటివాళ్ళనే చూస్తారు. ఇంకోటి, దీనికి పరగడుపున వెళ్ళక్కర్లేదండీ, టిఫిన్ చేసే వెళ్ళండి.