ఎల్‌ఎల్‌ఆర్‌తో ఎంతవరకు? రెన్యువల్ రసీదుతో ఎంతవరకు?

ప్రశ్న: ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) చేతికొచ్చింది. స్కూటీకి 'ఎల్' స్టిక్కరు అంటించి కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ ఆఫీసుకు ఒక్కదాన్నే వెళ్ళొచ్చా?
– ఒక ఉద్యోగిని, కూకట్‌పల్లి

జవాబు: వెళ్ళకూడదు. అది బండి నేర్చుకోవడానికి ఇచ్చిన అనుమతి, ఆఫీసుకు పోయిరావడానికి కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో (1989) 3వది చదవండి. ఆ రకం బండికి లైసెన్సు ఉన్నవారు వెంట ఉండాలి, అదీ అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. స్కూటీ మీదైతే వెనక సీటు వారిదే. లైసెన్సు లేని స్నేహితురాలిని ఎక్కించుకుంటే అదీ తప్పే. 'ఎల్' గుర్తు ముందూ వెనకా ఉండాలి. తెల్లటి నేల మీద ఎర్ర అక్షరం, పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు. బుల్లి స్టిక్కర్లు కొనేముందు స్కేలు పెట్టి చూసుకోండి.

చలానా కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. మీ ఇన్సూరెన్సు పాలసీలో 'డ్రైవర్' అన్న చోట చూడండి. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవారు కూడా నడపొచ్చు, కానీ ఇదే 3వ నిబంధన పాటించాలి అని ఉంటుంది. ఒంటరిగా వెళ్తూ ఎవరినైనా గుద్దితే కంపెనీ వేలు పెట్టి చూపించేది ఆ వాక్యాన్నే.

ప్రశ్న: ఎల్‌ఎల్‌ఆర్ గడువు వచ్చే వారంతో సరి. టెస్టు స్లాట్ ఆ తర్వాత దొరికింది. స్లాట్ రసీదు చూపిస్తే ఒప్పుకుంటారా?
– ఒక విద్యార్థి, నాగోల్

జవాబు: ఒప్పుకోరు. టెస్టు రోజున ఎల్‌ఎల్‌ఆర్ బతికి ఉండాలి. దానికి పొడిగింపు లేదు, మళ్ళీ కొత్తది తీసుకోవాల్సిందే. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, తీసుకున్న 30 రోజుల దాకా టెస్టుకు పిలవరు. ఐదో నెలదాకా ఆగి మొదటిసారి ట్రాక్ ఎక్కేవాళ్ళే ఎక్కువ చిక్కుల్లో పడతారు. ఒకసారి ఫెయిలైతే ఏడు రోజులు ఆగాలి. మూడుసార్లు ఫెయిలైతే ఆఖరి టెస్టు నుంచి 60 రోజులు, పైగా మళ్ళీ శిక్షణ. ఆ లెక్కన ఎల్‌ఎల్‌ఆర్ మధ్యలోనే అయిపోతుంది. అందుకే రెండో నెలలోనే స్లాట్ తీసుకోండి. టెస్టుకు తీసుకెళ్ళే బండి ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ల గడువులు ముందు రోజే చూసుకోండి.

ప్రశ్న: నాన్నగారి లైసెన్సు గడువు పోయిన నెలాఖరుతో అయిపోయింది. రెన్యువల్ ఫీజు కట్టాం, స్లాట్ ఇంకా రాలేదు. నెల రోజుల గ్రేస్ ఉంటుంది కదా, ఈలోగా కారు తీయొచ్చా?
– ఒక పాఠకుడు, మల్కాజ్‌గిరి

జవాబు: ఆ నెల రోజులు పాత మాట. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ దాన్ని తీసేసింది, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. గడువు తీరిన మర్నాటి నుంచే లైసెన్సు లేనట్టు. ఫీజు రసీదు అప్లై చేశారని చెబుతుందంతే. గడువు తీరితే లైసెన్సు లేనట్టేనని తెలంగాణ పోలీసు డ్రైవర్ పోస్టుల కేసులో సుప్రీంకోర్టు కూడా తేల్చింది. లైసెన్సు లేకుండా నడిపితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

గడువు తీరాక చేసిన రెన్యువల్ వెనకటి తేదీ నుంచి రాదు, రెన్యువల్ చేసిన రోజు నుంచే లెక్క. మధ్యలో పోయిన రోజులు పోయినట్టే. గడువు దాటి ఏడాదైతే మళ్ళీ టెస్టు. గడువుకు ఏడాది ముందు నుంచే అప్లై చేసే వీలు చట్టంలో ఉంది, ఎందుకో చాలామంది వాడుకోరు. నాన్నగారికి 40 దాటాయి కాబట్టి ఫారం 1ఎ (మెడికల్ సర్టిఫికెట్) మీద డాక్టరు సంతకం కూడా సిద్ధం చేసుకోండి.

అప్లై చేస్తే చాలనుకునే ఈ గందరగోళానికి ఒక కారణం ఉంది. హోటళ్ళ ఫుడ్ లైసెన్సు సంగతి వేరు. 2006 ఆహార భద్రత చట్టం 31వ సెక్షను ప్రకారం, గడువులోగా రెన్యువల్‌కు అప్లై చేస్తే అది తేలేదాకా పాత లైసెన్సే చెల్లుతుంది. డ్రైవింగ్ లైసెన్సుకు అలాంటి వెసులుబాటు లేదు. కొత్తది వచ్చేదాకా స్టీరింగ్ లైసెన్సున్న ఇంకొకరికి ఇవ్వండి.