పాప ముఖం తిప్పుకుంటోంది, చదువు మానేయాలా?

ప్రశ్న: ఈ ఏడాదే పూర్తికాలపు పీజీ కోర్సులో చేరాను. మా పాపకు రెండున్నరేళ్లు. పగలంతా మా అమ్మ చూసుకుంటోంది. ఏడుస్తుందని, పాప ఆటలో ఉన్నప్పుడు చెప్పకుండా వెళ్లిపోతున్నాను. ఇదివరకు నేను రాగానే పరిగెత్తుకొచ్చేది; ఇప్పుడు అమ్మమ్మ వెనక దాక్కుంటోంది. కాసేపటికి ఏ చిన్న వంకో దొరకగానే నా మీద పడి ఏడుస్తోంది. రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని చదువుకుంటే పుస్తకం లాగేస్తోంది. పాప నాకు దూరమైపోతోందా? చదువు మానేయమంటారా?

జవాబు: చదువు మానేయనక్కర లేదు. అమెరికాలో 1991లో మొదలుపెట్టి, 1,300 మందికి పైగా పిల్లలను పుట్టినప్పటి నుంచీ గమనించిన ఒక పెద్ద అధ్యయనంలో, పగలు ఇతరుల సంరక్షణలో పెరిగినంత మాత్రాన తల్లితో బంధం దెబ్బతినలేదనీ, బిడ్డ సైగలను తల్లి ఎంతగా గుర్తించి స్పందిస్తోందన్నదే ముఖ్యమనీ తేలింది. తల్లి స్పందన కొరవడి, దానికి తోడు సంరక్షణ కూడా సరిగా లేనిచోట మాత్రం ఇబ్బంది కనిపించింది. మీ పాప అమ్మమ్మ దగ్గర ఉంది కాబట్టి ఆ రెండో బెంగ మీకు అక్కర లేదు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది చెప్పకుండా వెళ్లిపోవడమే. అమ్మ ఏ క్షణాన మాయమవుతుందో తెలియని బిడ్డకు ఆట మీద మనసు నిలవదు. బొమ్మ చేతిలోనే ఉంటుంది, కళ్లు మాత్రం గుమ్మం మీద ఉంటాయి. ఏడ్చినా సరే, చెప్పే వెళ్లండి. రోజూ అవే రెండు మాటలు, ఒక ముద్దు, అంతే, వీడ్కోలును సాగదీయకండి. ఆ వయసుకు ఆరు గంటలంటే అర్థం కాదు. ‘నువ్వు నిద్ర లేచి, ఆడుకున్నాక, లైట్లు వేసే వేళకు వస్తాను’ అంటే అర్థమవుతుంది. ఆలస్యమయ్యే రోజున ఆ సంగతి కూడా ముందే చెప్పాలి.

ఇక సాయంత్రం సంగతి. తల్లి గది విడిచి వెళ్లి కొద్ది నిమిషాల్లో తిరిగి వచ్చినప్పుడు పసిపిల్లలు ఎలా ప్రవర్తిస్తారో పరిశీలించిన మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్, వెళ్లేటప్పటి ఏడుపు కంటే తిరిగి కలిసినప్పటి తీరుకే ఎక్కువ విలువ ఇచ్చారు. మీ పాప ముఖం తిప్పుకున్నా చివరికి ఏడవడానికి మీ దగ్గరకే వస్తోంది కదా! పగలంతా దాచుకున్న అలకను మీ ముందు విప్పుతోందని నేను అనుకుంటున్నాను. అందుకని రాగానే ఎత్తుకోవాలని ఆత్రపడకండి. సంచినీ ఫోన్‌నూ గుమ్మం దగ్గరే వదిలి, నేల మీద కూర్చోండి. అమ్మమ్మ కొంగు పట్టుకున్న ఆ వేళ్లు సడలడానికి ఐదు నిమిషాలు పట్టవచ్చు, పావుగంటైనా పట్టవచ్చు. అంతవరకూ ‘నా మీద కోపం వచ్చిందా తల్లీ, రావాల్సిందేలే’ అనడం చాలు.

పుస్తకం లాగడాన్ని అల్లరి అనుకోకండి. 1970లలో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ చేసిన ప్రయోగంలో తల్లి బిడ్డకు ఎదురుగానే ఉండి, ముఖంలో ఏ కదలికా లేకుండా కూర్చుంది. బిడ్డ నవ్వి చూసింది, చేతులు చాచింది, చివరికి చూపు తిప్పుకుని ఏడ్చింది. పక్కనే ఉండి పుస్తకంలో మునిగిపోయిన అమ్మ కూడా బిడ్డకు కొంతవరకు అలాగే కనిపిస్తుందని నా అభిప్రాయం. కాబట్టి చదువునూ పాపతో గడిపే సమయాన్నీ కలపవద్దు. వీలైనంత చదువు కాలేజీలోనే ముగించుకుని, మిగిలింది పాప నిద్రపోయాక చదవండి. పరీక్షల రోజుల్లో ఇది కొంత తప్పుతుంది. తప్పినప్పుడల్లా మళ్లీ దగ్గరికి తీసుకోండి. అన్యోన్యంగా ఉండే తల్లీబిడ్డలు కూడా ప్రతి క్షణం ఒకే తాళంలో ఉండరని ట్రానిక్ పరిశోధనలే చూపించాయి.

అమ్మమ్మతో పెరుగుతున్న చేరువను చూసి నొచ్చుకోకండి, బిడ్డ మనసులో ఒకరి చోటు మరొకరిది కాదు. రోజూ ఆమెను అడిగి, పగలు జరిగిన ఒక్క సంగతి తెలుసుకోండి. ‘ఇవాళ చీమల బారు చూశావట కదా’ అని మీరు అన్న మరుక్షణం, ఆ చీమలు ఎక్కడికి వెళ్లాయో చెప్పడానికి పాప మీ దగ్గరకు జరుగుతుంది.