పెర్త్ వెళ్లే ముందు పెద్దమ్మ రాసిన ఉత్తరం

తల్లీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, మన దేశం అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుతో పాటు దీన్ని కూడా ఆస్ట్రేలియా తీసుకెళ్తున్నారట, ఫిజియోగా" అని చెప్పింది. అప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కాగితం మీద పెడుతున్నాను. విమానంలో ఇంకోసారి చదువుకో.

మన అమ్మాయిలు ఇలా 2026 ఆసియా కప్‌కి క్వాలిఫయర్స్ గెలిచి వెళ్లడం ఇదే మొదటిసారి. 2022లో మన దేశంలోనే జరిగింది కాబట్టి చోటు దానంతటదే వచ్చింది. ఈసారి అలా కాదు. 2025 జులై 5న చియాంగ్ మాయ్‌లో థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించారు. రెండు గోల్సూ సంగీతా బస్ఫోర్‌వే. ఆ రాత్రి నేను ఒక్కదాన్నే టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. ఈ ఆసియా కప్‌లో బాగా ఆడితే 2027లో బ్రెజిల్‌లో జరిగే ప్రపంచ కప్‌కి దారి ఉంది. అంత దూరం నడిచి వచ్చిన కాళ్లు నీ చేతుల్లో పడుతున్నాయి.

నేను చెప్పాల్సిన వాటిలో ముఖ్యమైనది ఒక్కటే. మన అమ్మాయిలు నొప్పి దాస్తారు.

నేను ఫిజియోగా జట్టుతో వెళ్లిన తొలి రోజుల్లో జరిగింది చెబుతాను. ఏ దేశం, ఏ ఏడాది అని రాయను. రాస్తే ఆ అమ్మాయి ఎవరో తెలిసిపోతుంది. సెమీఫైనల్ ముందు రోజు డైనింగ్ హాల్లో, కోచ్ పక్క టేబుల్ దగ్గర ఉండగా, "తొడ ఎలా ఉందమ్మా?" అని అడిగాను. "ఏం లేదు మేడమ్, ఫస్ట్ క్లాస్" అంది. నమ్మాను. మర్నాడు ఆట మొదలై అరగంట కూడా కాలేదు, పరిగెత్తుతూ పరిగెత్తుతూ తొడ వెనక చెయ్యి వేసుకుని కూలబడింది. హామ్‌స్ట్రింగ్ చిరిగింది. స్ట్రెచర్ మీద పడుకుని నా చెయ్యి పట్టుకుని "నాలుగు రోజుల నుంచీ పట్టేస్తోంది మేడమ్, చెబితే కూర్చోబెడతారని చెప్పలేదు" అంది. తప్పు ఆ పిల్లది కాదు. నేను అడిగిన చోటు తప్పు. కోచ్ వినేలా అడిగితే ఎవరు చెబుతారు? ఊళ్లో పొలం పనికి వెళ్లే అమ్మా నాన్న, టీమ్‌లో చోటు పోతే ఉద్యోగం వస్తుందో రాదో అన్న బెంగ... ఇవన్నీ మోసుకుంటూ ఆడుతుంది ఆ పిల్ల.

అందుకే నొప్పి గురించి నలుగురిలో అడక్కు. రాత్రి భోజనాలయ్యాక నీ గదిలో మసాజ్ టేబుల్ వేసుకుని ఒక్కొక్కరినీ పిలువు. ముందు పాదం పట్టుకో. మడమ నుంచి మెల్లగా పిక్క మీదికి, పిక్క నుంచి తొడ వెనక్కి రా. నోటితో ఏమీ అడక్కు, వాళ్ల ఊరి గురించి మాట్లాడు. నొప్పి ఉన్న చోట నీ వేలు పడగానే కాలి బొటనవేలు కొంచెం ముడుచుకుంటుంది, మాట మధ్యలో ఆగుతుంది. అక్కడ ఆగి "ఎప్పటి నుంచి?" అని మాత్రం అడుగు. పది మందిలో తొమ్మిది మంది చెప్పేస్తారు. విన్నది కోచ్‌కి చెప్పాల్సి వస్తే, చెప్పబోతున్నానని ముందు ఆ పిల్లకి చెప్పు. వెనక నుంచి చెప్పావని ఒక్కసారి తెలిసిందంటే ఇక ఆ టోర్నీ మొత్తం నీ టేబుల్ ఖాళీయే.

నెలసరి సంగతి కూడా ఇలాగే. స్టాఫ్‌లో మగవాళ్లు ఎక్కువ ఉంటే ఎవ్వరూ నోరు విప్పరు. ఎవరికి ఎప్పుడు వస్తుందో, ఎవరికి కడుపు నొప్పి ఎక్కువో, నీ పుస్తకంలో నీకు మాత్రమే అర్థమయ్యేలా రాసుకో. ప్యాడ్స్ నీ కిట్‌బ్యాగ్ పై అరలో, అడక్కుండా తీసుకునేలా పెట్టు. మ్యాచ్ రోజు రాకూడదని మెడికల్ షాపులో వాయిదా మాత్రలు కొనుక్కుని మింగే అలవాటు చాలా మందికి ఉంది. గంటల తరబడి విమానంలో కూర్చోవాల్సిన వాళ్లకి రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది కాబట్టి, జట్టు డాక్టర్‌కి తెలియకుండా ఎవరూ వేసుకోకూడదని బయల్దేరక ముందే చెప్పు. ఇంగ్లండ్ అమ్మాయిలు నెలసరి ఇబ్బంది వల్లే తెల్ల షార్ట్స్ వద్దని అడిగి, 2023 ప్రపంచ కప్‌కి నీలం రంగు వేయించుకున్నారు. ఇది సిగ్గుపడే విషయం కాదని మన పిల్లలకి చెప్పడానికి ఆ కథ పనికొస్తుంది. నాకు బాగా పనికొచ్చింది.

ఇక మందులు. ఇక్కడ మాత్రం కఠినంగా ఉండు. మన దగ్గర దగ్గుకి రాసే సిరప్‌లలో చాలా వాటిలో టెర్బుటలిన్ ఉంటుంది. అది డోపింగ్ నిషేధంలో ఉన్న మందు, పోటీ ఉన్నా లేకపోయినా. కొన్ని జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, మోతాదు దాటితే మ్యాచ్ రోజుల్లో దొరికిపోతారు. అమ్మ పంపిన లేహ్యమూ, జిమ్‌లో ఎవరో ఇచ్చిన పొడీ అంతకన్నా ప్రమాదం, డబ్బా మీద రాయనివి కూడా అందులో ఉండొచ్చు. తెలియక తాగానంటే వినరు. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత క్రీడాకారిణిదే అంటుంది నియమం. బయల్దేరే ముందు రోజు అందరినీ కూర్చోబెట్టి బ్యాగులు తీయించు, ప్రతి సీసా లేబుల్ చదువు. కోపగించుకుంటారు, పర్వాలేదు.

మ్యాచ్ అయ్యాక డోపింగ్ పరీక్షకి మన అమ్మాయి పేరు వస్తే నువ్వో డాక్టరో తోడు వెళ్లండి. 90 మిల్లీలీటర్ల మూత్రం ఇవ్వాలి. తొంభై నిమిషాలు పరిగెత్తి ఒళ్లంతా ఎండిపోయిన పిల్లకి అది గంట పట్టొచ్చు, రెండు గంటలు పట్టొచ్చు. అవతల బస్సు ఎదురుచూస్తోందని తొందరపెట్టకు. సీల్ తీయని సీసాలో నీళ్లే తాగించు. వారం రోజుల్లో వాడిన మందులన్నీ ఫారంలో రాయించు.

2022 గుర్తుందా? జనవరి 20న నవీ ముంబైలో ఇరాన్‌తో 0-0 డ్రా చేసుకున్నాం. మూడు రోజులకి చైనీస్ తైపీతో, అంటే తైవాన్ జట్టుతో, ఆడాల్సి ఉంటే, కోవిడ్ వల్ల కనీసం 13 మంది కూడా మిగల్లేదు. సొంత దేశంలో, టోర్నీ నుంచే తప్పుకోవాల్సి వచ్చింది. ఆ పిల్లల ముఖాలు నేను మర్చిపోలేను. కాబట్టి ఎవరికి ఒళ్లు కాస్త వెచ్చగా అనిపించినా గది మార్పించు. నీళ్ల సీసాల మీద పేర్లు రాయించు, ఒకరి సీసా ఇంకొకరు నోట పెట్టుకోనివ్వకు. చిన్న పనే, విసుగు పుట్టించే పనే. అయినా రోజూ చెయ్యి.

ఈసారి నీకు అన్నిటికన్నా కష్టమైన రోజులు రెండో మ్యాచ్‌కి, మూడో మ్యాచ్‌కి మధ్య వస్తాయి. మార్చి 4న వియత్నాంతో, 7న జపాన్‌తో పెర్త్‌లో. 10న చైనీస్ తైపీతో సిడ్నీలో. అంటే అలసిన కాళ్లతో దేశం ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగు గంటలకు పైగా విమానం. పైగా మార్చిలో సిడ్నీ గడియారం పెర్త్ కన్నా మూడు గంటలు ముందు. పెర్త్‌లో పదింటికి పడుకునే పిల్లకి అప్పుడు సిడ్నీలో ఒంటిగంట. జపాన్ మ్యాచ్ అయిన రాత్రే ఐస్ బాత్, అన్నం, నిద్ర. విమానంలో తొంభై నిమిషాలూ ఆడిన వాళ్లకి నడవ పక్క సీట్లు ఇప్పించమని మేనేజర్‌ని ముందే అడుగు. బిగుతు మేజోళ్లు వేయించు. గంటకోసారి లేపి నడిపించు, నిద్రపోతుంటే మాత్రం లేపకు.

జపాన్‌తో ఏమైనా జరగొచ్చు. ప్రపంచ కప్ గెలిచిన జట్టు అది. 2023 అక్టోబర్‌లో తాష్కెంట్‌లో మనల్ని 7-0తో కొట్టారు. అలాంటి రాత్రి వస్తే "పోనీలే, బాగానే ఆడారు" అనకు. ఆ మాట వాళ్లకి ఇంకా గుచ్చుకుంటుంది. బూట్లు విప్పడానికి కూడా ఓపిక లేక గోడకి ఆనుకుని కూర్చుంటారు. ఒక్కొక్కరి ముందూ కింద కూర్చుని లేసులు విప్పు, టేప్ కత్తిరించు, ఐస్ కట్టు. ఫోన్లు పక్కన పెట్టమని సీనియర్ చేత చెప్పించు. ఆ రాత్రి ఆడపిల్లల ఆట గురించి అక్కర్లేని మాటలు రాసేవాళ్లు చాలా మంది ఉంటారు.

తిండి సంగతి. ఆస్ట్రేలియా వాళ్లకి పంటల తెగుళ్లన్నా పశువుల రోగాలన్నా మహా భయం. నెయ్యి, పాలకోవా, కరివేపాకు, పళ్లు, విత్తనాల జోలికి పోకు. ఇంకేం తీసుకెళ్లినా విమానంలో ఇచ్చే కార్డులో ఉందని రాయించు. రాసి, వాళ్లు చూసి పారేస్తే పోయేది పచ్చడే, రాయకుండా దొరికితే జరిమానా, జట్టుకి చెడ్డపేరు. మణిపూర్ పిల్లలు తమ ఎండు చేప కోసం బెంగపెట్టుకుంటారు, మనవాళ్లు పచ్చడి కోసం. హోటల్ వంటవాళ్లకి ముందు రోజే చెబితే మెత్తటి అన్నం, పప్పు పెడతారు. మ్యాచ్‌కి మూడు గంటల ముందు పొట్టకి అలవాటైన తిండే పడాలి.

మన నిజామాబాద్ సౌమ్య గుగులోత్ జట్టులో ఉంటే నీకు ఇంటి మనిషి దొరికినట్టే ఉంటుంది. కానీ తనతో తెలుగులో గంటల కొద్దీ కూర్చోకు. మిగతా పిల్లలు "మేడమ్ వాళ్ల మనిషి" అనుకుంటే నీ దగ్గరికి రావడం తగ్గిస్తారు. వచ్చీ రాని హిందీలోనే అందరితో మాట్లాడు, మణిపూర్ పిల్లల మైతేయి భాషలో "నొప్పా?" అనడం నేర్చుకో. పెర్త్‌లోనూ సిడ్నీలోనూ మన తెలుగువాళ్లు ప్రేమగా భోజనానికి పిలుస్తారు, పిల్లల్ని తీసుకురమ్మంటారు. చేతులు జోడించి వద్దను. టోర్నీ అయ్యాక చూద్దామను.

అక్కడి ప్లగ్‌కి పిన్నులు ఏటవాలుగా ఉంటాయి, అడాప్టర్లు నాలుగు కొను, నీ మెషిన్లకి రెండు కావాలి. పవర్ బ్యాంకులు చేతి సామానులోనే ఉండాలి. కత్తెర మాత్రం చెక్-ఇన్ బ్యాగులో. నా పాత టేప్ కత్తెర మీ అమ్మతో పంపిస్తున్నాను. పదును పెట్టించాను. దాని కొస మొద్దుగా ఉంటుంది, చర్మానికి తగలదు. వియత్నాం మ్యాచ్ అయిన రాత్రి, అందరి కాళ్లూ చూశాక, ఎంత ఆలస్యమైనా సరే ఒక మెసేజ్ పెట్టు. నేను మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ