ముందు తడి బలం చూడు

చిరంజీవి చిన్నమ్మాయికి,

బెంగళూరులో తక్కువ సిమెంటుతో మట్టి బ్లాకులు చేసే కంపెనీలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషమయింది తల్లీ. సాఫ్ట్‌వేర్ అయితే జీతం బాగుండేదని ఇంట్లో అంటున్నారట, పట్టించుకోకు.

మొదటి రెండేళ్లు యార్డులోనే వేయమని అడుగు. ఏసీ గదిలో మిశ్రమం లెక్కలు ఎవరైనా కట్టగలరు. మట్టిని చేత్తో పట్టి చెప్పగలిగేవాళ్లే తక్కువ. కొత్త మట్టి లోడు దిగగానే గుప్పెడు తీసి గాజు సీసాలో నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టు. ముందు ఇసుక, దానిమీద ఒండ్రు, చివరికి బంకమన్ను పేరుకుంటాయి. బంక ఎక్కువైతే ఇసుకో క్వారీ డస్టో కలపాల్సిందే. బెంగళూరు ఎర్రమట్టికి ఆరు నుంచి ఎనిమిది శాతం సిమెంటు సరిపోతుంది. అదే పాళ్లు మన గుంటూరు నల్లరేగడికి వాడావో, ఉబ్బి పగుళ్లిస్తుంది. దానికి సున్నం కావాలి. ఎక్కడి మట్టికి అక్కడి వంటకమే.

బ్లాకు బలం ఎంతని అడిగితే మార్కెటింగ్ వాళ్లు ఎండు బలం చెబుతారు. నువ్వు తడి బలం అడుగు. నీళ్లలో నానబెట్టి నలిపితే బలం సగానికి పడిపోవడం మామూలే. వాన కొట్టే గోడను కాపాడేది ఆ మిగిలిన సగమే. మట్టి బ్లాకులకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 1725 చదువు. క్యూరింగ్‌కు, అంటే సిమెంటు గట్టిపడేందుకు, మూడు వారాలు తడిపించు, తొందరపెట్టే కాంట్రాక్టర్‌కు లొంగకు.

పక్కనే ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ) ఉంది. 1974లో అక్కడ పల్లెలకు పనికొచ్చే సాంకేతికత కోసం మొదలైన ‘ఆస్త్ర’ కార్యక్రమంలోనే ఈ బ్లాకుల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్ల పాత పరిశోధన పత్రాలు తెచ్చుకుని చదువు, కొత్తగా కనిపెట్టామనుకున్నవి చాలా వాటిలో ఉంటాయి.

సిమెంటును తిట్టే ముందు దాని రసాయనం బాగా అర్థం చేసుకో. వంద కిలోల శుద్ధ సున్నపురాయిని కాలిస్తే నలభై నాలుగు కిలోలు బొగ్గుపులుసు వాయువుగా పోతుంది. బట్టీని సూర్యరశ్మితో నడిపినా అది ఆగదు. అందుకే క్లింకర్‌నే, అంటే సున్నపురాయిని మట్టితో కాల్చి చేసే సిమెంటు ముడిగడ్డలనే, తగ్గించాలి. ఎల్‌సీ3 అనే సిమెంటు ఆ దారిలోనిదే: సగం క్లింకర్, మిగతాది కాల్చిన మట్టి, సున్నపురాయి పొడి, కొంచెం జిప్సం. క్లింకర్‌కు 1450 డిగ్రీల వేడి కావాలి, ఈ మట్టికి ఎనిమిది వందల దగ్గర చాలు. చెన్నై ఐఐటీ వాళ్లు దీనిమీద లోతుగా పరిశోధించారు. సముద్రపు ఉప్పును ఇది బాగా అడ్డుకుంటుంది, కానీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు ముందు మామూలు సిమెంటంత గట్టిగా నిలవదు. ఈ మంచీ చెడూ రెండూ చెప్పే రిపోర్టునే నమ్ము.

కార్బన్ లెక్క కిలోకింత అని వేస్తారు. నువ్వు మాత్రం కట్టిన గోడ చదరపు మీటరుకు ఇంత అని లెక్కగట్టు. లారీ కిరాయి దూరం, మోర్టారు, పనికిరావని పక్కన పెట్టిన బ్లాకులు అన్నీ అందులో కలుపు. నా అనుభవంలో మంచిపేరు తెచ్చుకున్న పదార్థాలు చాలావరకు ఇక్కడే బయటపడతాయి.

మేస్త్రీలతో కూర్చుని టీ తాగు. బ్లాకు బరువెక్కితే, అంచు రాలితే ముందు చెప్పేది వాళ్లే. కన్నడం నేర్చుకో, తమిళం మాట్లాడేవాళ్లూ ఉంటారు. పరీక్షలో ఫెయిలైన బ్లాకుల ఫలితాలూ రిజిస్టర్లో రాయి, తీసెయ్యమని పైవాళ్లు చెప్పినా సరే. మొదటి నెల తడి బలం షీటు నాకు పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
పెదనాన్న