కొత్త పడవకు పగుళ్లు, మొరాయించే మోటారు: బ్యాంకు కిస్తీ ఆపేయాలా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా నేరేడుగొమ్ము మండలం. సాగర్ బ్యాక్‌వాటర్‌లో చేపల వేటే బతుకుదెరువు. ఐదు నెలల కింద హైదరాబాద్‌లో ఒక డీలర్ దగ్గర 24 అడుగుల ఫైబర్ పడవ రూ.1,60,000కు, 9.9 హార్స్‌పవర్ పెట్రోల్ మోటారు రూ.1,90,000కు ఒకే బిల్లు మీద కొన్నాను. బ్యాంకు రూ.2,80,000 ఇచ్చింది. వడ్డీ 11 శాతం, 48 నెలలు, కిస్తీ రూ.7,237. చేతి నుంచి పెట్టిన రూ.70,000లో 40,000 నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవే. రెండో నెల నుంచే మోటారు బిగించిన చోట పగుళ్లు వచ్చాయి. ఒక్కో పూటకు రెండు బకెట్ల నీళ్లు తోడాల్సి వస్తోంది. మోటారు నడుమ నీళ్లల్లో ఆగిపోతోంది. డీలర్ 23 రోజులు దగ్గర పెట్టుకొని, పెట్రోల్‌లో నీళ్లున్నాయి, వారంటీ రాదు, రూ.14,500 కట్టమన్నాడు. పడవ తయారీదారు బండకు తగిలించావంటున్నాడు. ఫైబర్ పని చేసేవాళ్లు రూ.22,000 అడుగుతున్నారు. కొత్త పడవ నడిస్తే ఖర్చులు పోను నెలకు రూ.18,000 మిగిలేది. ఇప్పుడు పాత చెక్క పడవతో రూ.9,000 వస్తోంది. ఇంట్లో ఆమె మిషన్ కుట్టి రూ.5,000 తెస్తుంది. రెండు తులాల బంగారం ఉంది. కిస్తీ ఆపేసి డీలర్ మీద కేసు వేయాలా? మళ్లీ అప్పు తెచ్చి బాగు చేయించాలా? ఒకాయన రూ.1,90,000 ఇస్తానంటున్నాడు, అమ్మేసుకోవాలా?

జవాబు: కిస్తీ ఆపకండి. అమ్మకండి. బాగు చేయించండి, కానీ నూటికి మూడు రూపాయల అప్పుతో కాదు, ఇప్పటికిప్పుడూ కాదు.

అమ్మకం సంగతి లెక్క వేస్తే తేలిపోతుంది. ఐదు కిస్తీలు కట్టాక బ్యాంకుకు ఇంకా సుమారు రూ.2,56,000 అసలు బాకీ ఉంటుంది. పడవ, మోటారు బ్యాంకుకు తనఖాలో ఉన్నాయి కాబట్టి వచ్చిన 1,90,000 ముందు అక్కడికే పోతుంది. మిగిలిన 66,000, చేబదులు 40,000 కలిపి లక్షా ఆరు వేల అప్పు మీ నెత్తిన ఉంటుంది, పడవ మాత్రం ఉండదు. పైగా బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అమ్మితే అది వేరే తలనొప్పి.

కిస్తీ ఆపితే డీలర్‌కు పోయేదేమీ లేదు. అతని డబ్బు బ్యాంకు ఏనాడో ఇచ్చేసింది. ఆ వస్తువు బాగాలేదనేది మీకూ డీలర్‌కూ మధ్య గొడవ, అప్పు మీకూ బ్యాంకుకూ మధ్య ఒప్పందం. గడువు దాటిన మరుసటి రోజు నుంచే బ్యాంకు మీ ఖాతాను ఒత్తిడిలో ఉన్న ఖాతాగా గుర్తిస్తుంది, 90 రోజులు దాటితే మొండి బాకీ అవుతుంది. అప్పుల చరిత్ర నమోదు చేసే సిబిల్‌లో ఆ మచ్చ పడ్డాక రేపు కిసాన్ క్రెడిట్ కార్డు కోసం వెళ్లినా ఇదే అడుగుతారు. ఆపే బదులు తగ్గించమని అడగండి. పడవ పాడై ఆదాయం సగానికి పడిందని, మోటారు చూసినప్పుడు డీలర్ రాసే సర్వీస్ చీటీ (జాబ్ కార్డు) కాపీ జతచేసి, మూడు నెలలు వడ్డీ మాత్రమే కట్టే వెసులుబాటు ఇవ్వమని మేనేజర్‌కు అర్జీ పెట్టండి. నెల వడ్డీ దాదాపు రూ.2,350. అంటే నెలకు సుమారు రూ.4,890 చేతిలో మిగులుతుంది, అప్పు గడువు ఆ మేరకు ముందుకు జరుగుతుంది. ఇవ్వడం, ఇవ్వకపోవడం బ్యాంకు ఇష్టం. అందుకే కిస్తీ ఒక్కటి కూడా తప్పకముందే అడగాలి. తప్పాక అడిగితే వినే తీరు మారిపోతుంది.

రెండో పని ఆ చేబదులు. నూటికి మూడు అంటే ఏడాదికి 36 శాతం. నలభై వేలకు నెలకు రూ.1,200 వడ్డీకే పోతోంది, అసలు ఒక్క రూపాయి తగ్గదు. బంగారం బ్యాంకులో పెట్టండి, వడ్డీ వ్యాపారి దగ్గర కాదు. ఏడాదికి పది శాతం అనుకుంటే ఆ 40,000కు, మరమ్మతుకు కావాల్సిన 36,500కు కలిపి 76,500 మీద నెల వడ్డీ రూ.638. అదంతా నూటికి మూడు రూపాయల మీద తెస్తే రూ.2,295. బంగారం బ్యాంకుకు పోతే ఇంట్లో ఆమెకు బెంగ ఉంటుంది, తెలుసు. ముందు ఈ రెండు అంకెలు ఆమెకు చూపించి, ఆమె సరేనన్నాకే వెళ్లండి.

ఇక ఎదురుచూడటానికి అయ్యే ఖర్చు. పడవ ఆగిందంటే కిస్తీ, పోయిన సంపాదన రెండూ కలిపి నష్టం అని చాలామంది లెక్కేస్తారు. అది తప్పు. పడవ నడిచినా ఆగినా కిస్తీ కట్టాల్సిందే. మీకు పాత పడవ ఉంది కనుక అసలు నష్టం 18,000కు, 9,000కు ఉన్న తేడా, అంటే రోజుకు రూ.300. వారంటీ కోసం పదిహేను రోజులు ఆగితే రూ.4,500 పోతుంది. రెండు మరమ్మతులకూ కలిపి 36,500 కాబట్టి పదిహేను రోజులు ఆగడం లాభమే. కానీ నాలుగు నెలలు ఆగితే మరమ్మతు ఖర్చంత సంపాదన అక్కడే పోయింది. వినియోగదారుల కమిషన్ తీర్పు దాకా పడవను ఒడ్డున పెట్టడం మాత్రం ఏ లెక్కలోనూ కుదరదు. పరీక్ష అవసరమైన కేసు ఐదు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది, ఆచరణలో ఇంకా ఎక్కువే పడుతుంది.

కాబట్టి బాగు చేయించే ముందు చేయాల్సింది రుజువు కూడగట్టడం. బాగు చేశాక పగులు కనపడదు, నీళ్లు కలిసిన పెట్రోల్ కూడా ఉండదు.

పడవతో మొదలుపెట్టండి. మోటారు దించేసి పడవను నీడలో రెండు మూడు రోజులు ఆరబెట్టండి. తర్వాత లోపల నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, బయట ఎక్కడ చెమరుస్తుందో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. ఆ చుట్టుపక్కల రూపాయి బిళ్లతో కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి చోట టక్కుమని మోగుతుంది, ఫైబర్ పొరలు విడిపోయిన చోట, లోపలి చెక్క తడిసిన చోట మొద్దుగా, చచ్చుగా వినిపిస్తుంది. మోటారు బిగించే వెనక పలక లోపల చాలా పడవల్లో ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాలకు సరిగా సీలు వేయకపోతే నీళ్లు ఆ ప్లైవుడ్‌లోకి దిగుతాయి, పలక మెత్తబడి ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ మూలల్లో పైపొర చీలుతుంది. బండకు తగిలిన దెబ్బ ఇలా ఉండదు. అది అడుగున ఉంటుంది, గీతలు ఉంటాయి, ఫైబర్ నలిగి పీచులు లేచి ఉంటాయి. మీ అడుగుభాగం మీద అలాంటి గీత ఒక్కటీ లేదని చూపే ఫొటోనే తయారీదారు మాటకు జవాబు.

తర్వాత మోటారు మళ్లీ బిగించి, దాన్ని పైకి ఎత్తి ఉంచి, ఫ్యాన్ (నీళ్లలో తిరిగే ప్రొపెల్లర్) దగ్గర పట్టుకొని మెల్లగా పైకీ కిందికీ ఊపమని ఒకరికి చెప్పండి. మీరు పగులు పక్కన కొలత టేపు పెట్టి వీడియో తీయండి. పగులు తెరుచుకొని మూసుకుంటుంటే పలకలో లోపం ఉందనడానికి అంతకంటే మంచి రుజువు లేదు. అలా కనపడిందంటే ఆ పడవను మోటారుతో నీళ్లలోకి దించకండి. నలభై కిలోల అటూ ఇటూ ఉండే మోటారు నడి సాగర్‌లో పలకతో సహా ఊడొస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు. పడవ వాపసు ఇచ్చే ఆలోచన ఉన్నా వాడకూడదు. లోపం తెలిశాక కూడా వాడుతూ పోతే వస్తువును ఒప్పుకున్నట్టే లెక్క అనే వాదనకు 1930 సరుకుల అమ్మకం చట్టంలోనే చోటుంది.

ఒక్కటి ప్రత్యేకంగా చూడండి: పడవ కాగితాల్లో ఎంత హార్స్‌పవర్ దాకా అని రాశారు? ఎనిమిది అని ఉండి 9.9 అంటగట్టి ఉంటే, రెండూ ఒకే బిల్లు మీద అమ్మిన డీలర్ తప్పించుకోవడం కష్టం.

మోటారు విషయంలో డీలర్ మాట అబద్ధమే అయ్యుండాలని లేదు. ఇప్పుడు దొరికే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ నీళ్లను లాక్కుంటుంది, ఎక్కువైతే నీళ్లతో కలిసి అడుక్కు దిగుతుంది. ట్యాంకు మూత గాలి మర వానలో తెరిచి ఉంచినా, క్యాన్లలో రోజుల తరబడి నిలవ ఉంచినా ఇదే జరుగుతుంది. ట్యాంకు అడుగు నుంచి, ఫిల్టర్ నుంచి తీసిన పెట్రోల్‌ను వేర్వేరు గాజు సీసాల్లో పోసి గంట కదపకుండా పెట్టండి. కింద వేరే పొర తేలితే నీళ్లున్నట్టే, ఆ రూ.14,500లో కార్బురేటర్ శుభ్రం చేసిన భాగం మీరు కట్టాల్సిందే. పొర లేకపోతే జాబ్ కార్డు మీద సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) ఎంత వచ్చిందో, ప్లగ్గుల రంగు ఏమిటో రాసిమ్మని అడగండి. రెండు సిలిండర్ల మధ్య పెద్ద తేడా ఉంటే పెట్రోల్‌లో నీళ్లు అన్న ఒక్క మాటతో దాటేయలేరు. మోటారు నడిచేటప్పుడు పక్క నుంచి సన్నగా చిమ్మే నీళ్ల ధార సరిగా వచ్చేదా లేదా అన్నది కూడా గుర్తు చేసుకోండి. ధార సన్నబడితే చల్లబరిచే పంపులో తిరిగే రెక్క (ఇంపెల్లర్) అరిగినట్టో, బురదో చెత్తో అడ్డుపడినట్టో అనుమానించాలి, ఇంజిన్ వేడెక్కి ఆగుతుంది.

వారంటీ కార్డు మళ్లీ చదవండి. చాలా మోటార్లకు సరదాగా తిరిగేవాళ్లకు ఎక్కువ కాలం, వేట లాంటి ఉపాధికి వాడేవాళ్లకు తక్కువ కాలం అని ఉంటుంది, రెండోది చిన్న అక్షరాల్లో. ఐదు నెలలు గడిచాయి కనుక ఆ తేదీ ఇప్పుడే చూసుకోవాలి. మొదటి సర్వీస్ సాధారణంగా 20 గంటలకు చేయించాలి. రోజుకు నాలుగు గంటలు వేటకు వెళ్తే అది ఐదో రోజుకే వస్తుంది, వంద గంటల సర్వీస్ ఇరవై ఐదో రోజుకు. సాగర్ నుంచి హైదరాబాద్‌కు మోటారు మోసుకెళ్లేదెవరు అని చాలామంది దాటేస్తారు. మీరూ దాటేసి ఉంటే మీ వాదనలో బలహీనత అదే, దాచిపెట్టకండి. ఆ సర్వీస్ చేయించకపోవడం వల్లే ఈ లోపం వచ్చిందని రాతలో చెప్పమని అడగండి.

ఇవన్నీ చేతికొచ్చాక డీలర్‌కు, పడవ తయారీదారుకు, మోటారు కంపెనీకి ముగ్గురికీ ఒకే నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. ఒకరినే అడిగితే మరొకరి మీదికి నెడతారు. కొన్న తేదీ, బిల్లు నంబరు, మోటారు సీరియల్ నంబరు, లోపం ఏమిటి, 15 రోజుల్లో ఉచితంగా బాగు చేయాలి లేదా మార్చాలి, అంతే. తిట్లు, శాపనార్థాలు వద్దు. అదే రోజు 1915కు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. చాలా కంపెనీలు ఇక్కడే దిగొస్తాయి.

ఈ మధ్యలో ఒక వల పడొచ్చు. బండకు తగిలిందని రాసి ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టుకో అని డీలర్ సలహా ఇస్తే ఒప్పుకోకండి. తయారీ లోపానికి పడవ బీమా వర్తించదు. పైగా ఆ రాత మీ చేత్తో మీరే వారంటీని కొట్టేసుకున్నట్టవుతుంది.

గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే మరమ్మతు చేయించేయండి. మోటారును అధీకృత సర్వీస్ సెంటర్‌లోనే ఇవ్వండి, బిల్లు మీద “వారంటీ హక్కు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను” అని రాసి సంతకం పెట్టి ఫొటో తీసుకోండి. ఫైబర్ పనివాళ్లు పలక కోసేటప్పుడు వీడియో తీయించండి, లోపల ప్లైవుడ్ తడిసిందా, ఎంత మందం ఫైబర్ పట్టించారో అప్పుడే కనపడుతుంది. పైపైన మాత్రం అద్దకుండా, తడిసిన చెక్క పూర్తిగా తీసి, చుట్టూ ఫైబర్‌ను ఏటవాలుగా అరగదీసి కొత్త పొరలు వేయమనండి. మరమ్మతుకు ముందు మత్స్యశాఖ అధికారి చేతో, పడవలు తెలిసిన ఇంజినీరు చేతో చూపించి రాతపూర్వక నివేదిక తీసుకోగలిగితే కేసుకు అది చాలా ఉపయోగం.

ఆ తర్వాత కేసు నింపాదిగా నడుస్తుంది. మీ ఇంటి చిరునామాను బట్టి నల్లగొండ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, హైదరాబాద్ వెళ్లక్కరలేదు. చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కనుక ఫీజు లేదు. కేసు వేయడానికి గడువు, గొడవకు కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లు. లాయర్ లేకుండా మీరే వేసుకోవచ్చు. ల్యాబ్ పరీక్షకు పంపాలంటే ఆ ఖర్చు ముందు మిమ్మల్నే కట్టమనొచ్చు. వేట వ్యాపారం కాబట్టి నువ్వు వినియోగదారుడివి కాదు అని అవతలి లాయర్ మొదటి వాదన పెడతాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో దానికి జవాబుంది: బతుకుదెరువు కోసం స్వయం ఉపాధికి కొన్నది వాణిజ్య అవసరం కింద రాదు. ఫిర్యాదు మొదటి పేజీలోనే ఆ మాట రాయండి, మత్స్య సహకార సంఘం సభ్యత్వ కార్డు జతచేయండి. కోరేది మరమ్మతుకైన 36,500 (పెట్రోల్‌లో నీళ్లు తేలితే మీ వంతు భాగం తీసేసి), దాని వడ్డీ, మోటారు డీలర్ దగ్గరే పడి ఉన్న 23 రోజులకు రోజుకు 300 చొప్పున రూ.6,900, ఖర్చులు. సంఘం తూకం చిట్టీలుంటే ఆ మూడు వందల లెక్కకు అవే సాక్ష్యం.

మార్చిన పాత ఇంపెల్లర్, ప్లగ్గులు, కోసి తీసిన తడి ప్లైవుడ్ ముక్క మెకానిక్ దగ్గర వదిలేయకండి. తేదీ రాసిన సంచిలో కట్టి ఇంట్లో పెట్టుకోండి.