దేవుణ్ణి నమ్మని ఇంటికి క్రిస్మస్ నక్షత్రం కట్టవచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. నేనూ మావారూ దేవుణ్ణి నమ్మం. పెళ్లి కూడా రిజిస్ట్రార్ ఆఫీసులోనే చేసుకున్నాం. పూజలు, వ్రతాలు చెయ్యం. మాతోనే ఉండే అత్తగారికి ఆ విషయంలో మామీద ఎప్పట్నుంచో కినుక. మా పాపకు ఏడేళ్లు. పక్క వాటాలో ఉండేది క్రైస్తవులు, వాళ్లమ్మాయి పాపతోనే చదువుతోంది. ఈ ఏడు మన ఇంటికీ నక్షత్రం కట్టాలి, కేకు చెయ్యాలి అని పాప పట్టుబట్టింది. మాకూ ఇష్టమే. అత్తగారేమో "మన దేవుడు పనికిరాడు, వాళ్ల దేవుడు కావలసి వచ్చాడా?" అని ఆ పూట అన్నం మానేశారు. మరిది "ఇదేం నాస్తికత్వం వదినా?" అని వేళాకోళం చేస్తున్నాడు. మతంలో కలిసిపోయామని వీధిలో అనుకుంటారేమోనని మావారి బెంగ. నమ్మకం లేకుండా ఈ పండగ చేసుకోవడం మోసమా? చేసుకుంటే ఎలా చేసుకోవాలి?

జవాబు: చేసుకోవచ్చు, అందులో మోసమేమీ లేదు. కానీ మీ అత్తగారి ప్రశ్నలో న్యాయం ఉంది. నక్షత్రం కొనేముందు మీ దంపతులిద్దరూ దానికి జవాబు చూసుకోవాలి.

మోసమా అన్న అనుమానం సంగతి ముందు చూద్దాం. క్రీస్తు ఏ తేదీన పుట్టాడో సువార్తల్లో ఎక్కడా లేదు. డిసెంబర్ 25న ఆ పండగ రోమ్‌లో జరిగినట్టు దొరికే మొదటి దాఖలా క్రీ.శ. 336 నాటిది. అంతకు చాలా ముందునుంచే అక్కడ డిసెంబర్ 17న మొదలయ్యే శాటర్నేలియా అనే పండగ ఉండేది. ఆ రోజుల్లో విందులు చేసుకునేవారు, మైనపు వత్తులు కానుకలుగా ఇచ్చిపుచ్చుకునేవారు. ఏడాదిలో పగలు బాగా కురచబడే రోజులవి. చలిలో, చీకట్లో నలుగురూ ఒకచోట చేరి దీపం పెట్టుకుని తినడం ఏ మతానికైనా ముందునుంచీ ఉన్నదే. ఈ తిండీ పాటా మరీ ఎక్కువైపోయిందని భక్తులకే కోపం వచ్చింది కూడా. అమెరికాలో మసాచుసెట్స్ వలసను ఏలిన ప్యూరిటన్లు అనే నిష్ఠాపరులైన క్రైస్తవులు 1659లో క్రిస్మస్ చేసుకున్నవాళ్లకు అయిదు షిల్లింగుల జరిమానా పెట్టారు. 1681 దాకా అది నడిచింది. క్రిస్మస్ చెట్టు జర్మన్ల ఇళ్లలో పుట్టిన ఆచారం. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలబడ్డ బొమ్మ 1848లో లండన్ పత్రికలో అచ్చయ్యాక ఇంగ్లండులో మామూలు ఇళ్లకూ పాకింది. జపాన్‌లో క్రైస్తవులు నూటికి ఒకరు కూడా ఉంటారో లేదో, క్రిస్మస్‌కి స్ట్రాబెర్రీ కేకు మాత్రం అక్కడ కొనని వీధి ఉండదు. ప్యూ పరిశోధన సంస్థ 2013లో అమెరికాలో అడిగితే, క్రైస్తవులు కానివాళ్లలో కూడా 81 శాతం మంది క్రిస్మస్ చేసుకుంటామని చెప్పారు. వీళ్లెవరూ ఎవరినీ మోసం చెయ్యడం లేదు. పండగలో నమ్మకం ఒక పాలు. బంధువులు, తిండి, పాట, వెలుగు, పిల్లల సరదా మిగతా పాళ్లు. నమ్మకం లేనివాళ్లు ఆ మిగతా పాళ్లను తీసుకుంటున్నారు.

మన నాస్తికులూ ఇది ఎరుగుదురు. నాస్తికోద్యమ నేత గోరా (గోపరాజు రామచంద్రరావు) పుట్టింది ఇప్పటి ఒడిశాలోనే, గంజాం జిల్లా ఛత్రపురంలో, 1902లో. పాత ఆచారాలు వద్దన్న ఆయన, నలుగురూ కలిసే వేళలను మాత్రం వదులుకోలేదు. అన్ని కులాలవాళ్లనూ ఒకే వరుసలో కూర్చోబెట్టి సహపంక్తి భోజనాలు పెట్టారు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడు పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. పూజలూ వ్రతాలూ చెయ్యమని రాశారు గానీ, వాటికి బదులు మీ ఇంట్లో ఏం చేస్తారో రాయలేదు. పాపకు అన్ని పండగలూ పక్కింట్లోనే కనిపిస్తున్నాయి. ఆ పిల్ల అడుగుతున్నది ఏసుక్రీస్తును అనుకోను. మన ఇంట్లోనూ ఒక పండగ రోజు ఉండాలని అడుగుతోంది. అత్తగారి బాధకూ మూలం అక్కడే ఉంది. తన సంక్రాంతికి, తన వరలక్ష్మీ వ్రతానికి "నమ్మం" అన్న కొడుకూ కోడలూ, క్రిస్మస్‌కి మాత్రం నమ్మకంతో పనిలేదంటే ఆవిడకు అది తన మీద తీర్పులాగే వినిపిస్తుంది. క్రిస్మస్‌కి ఏ కొలత పెడితే ఆవిడ పండగలకూ అదే పెట్టండి. ఈ ఒక్కటీ చెయ్యలేమనుకుంటే నక్షత్రం ఊసు మానుకోవడం మేలని నా అభిప్రాయం.

ఆవిడతో మాట్లాడాల్సింది మీరు కాదు, మీవారు. కొడుకు నోట వస్తే అది ఇంటి మాట, కోడలి నోట వస్తే పోరు. డిసెంబర్ మొదటి వారంలోనే, మరిది లేని పూట, ఆవిడ పనులు ముగించుకుని తీరిగ్గా కూర్చున్నప్పుడు కదపాలి. 24వ తేదీ రాత్రి దాకా ఆగి, కేకు పొయ్యిమీద పెట్టాక చెబితే, అడగకుండా చేసేశారన్న కోపమే మిగులుతుంది. దేవుడున్నాడా లేడా అన్న వాదం ఎత్తవద్దు, ఏళ్లుగా తేలనిది ఆ పూట తేలదు. "అమ్మా, పాపకు ఇంట్లో పండగలు లేకుండా చేశాం, అది మా తప్పే. పూజలో మేం కూర్చోలేం గానీ, నీ పండగలో మిగతా పని అంతా మాదే. సంక్రాంతికి ఏమేం చెయ్యాలో నువ్వు చెప్పు" అని మొదలుపెట్టమనండి. క్రిస్మస్ మాట ఆవిడ జవాబు విన్నాకే.

అప్పుడిచ్చిన మాట వెంటనే చేతల్లో కనిపించాలి. ఎలాగూ డిసెంబర్ నడిమికి ధనుర్మాసం మొదలవుతుంది. గొబ్బెమ్మలు, భోగి పిడకలు నాన్నమ్మా మనవరాలూ కలిసి చెయ్యాలి. పిడక చేసేటప్పుడే నడుమ వేలితో బెజ్జం పెట్టాలి, ఎండాక పొడిస్తే విరుగుతుంది. చలికాలం ఎండకు ఆరడానికి నాలుగైదు రోజులు పట్టవచ్చు, మంచు పడకుండా సాయంత్రం లోపల పెట్టుకోవాలి. ఒక పూట పిడకలు, ఒక పూట నక్షత్రం కాగితాలు కత్తిరించడం అయితే పిల్లకు రెండూ తన ఇంటివే అవుతాయి. మీరు ఏం చేస్తారో, ఏం చెయ్యరో కూడా ముందే తేల్చి చెప్పండి. "కొబ్బరికాయ కొట్టను అత్తయ్యా, నైవేద్యానికి పులిహోర నేనే చేస్తాను" అంటే చాలు. పండగనాడు పీటల దగ్గర ఆ మాట చెబితే మళ్లీ గొడవే.

నక్షత్రాన్ని వీధి గుమ్మానికి, మామిడి తోరణం ఉన్నచోట కట్టకండి. వరండాలోనో, పాప గది కిటికీకో కట్టండి. కాగితం నక్షత్రంలో పాతకాలపు అరవై వాట్ల బల్బు పెడితే కాగితం కమిలి అంటుకోవచ్చు. అయిదు వాట్ల ఎల్.ఇ.డి. సరిపోతుంది. మంచుకు తడిస్తే అట్ట మెత్తబడి జారుతుంది గనుక పడుకునే ముందు ఆపి లోపల పెట్టండి. చెట్టుకు ఏదైనా కుండీ మొక్క తీసుకోండి. తులసిని మాత్రం ముట్టుకోవద్దు. కుండీ చేతికందింది కదా అని పిల్లలు దానికే రంగు బంతులు వేలాడదీస్తే, అత్తగారికి సర్దిచెప్పడం ఎవరివల్లా కాదు. పశువుల తొట్టిలో బాలయేసు బొమ్మల కొలువు వద్దంటాను. అది నమ్మినవాళ్లకు పండగ గుండెకాయ. నమ్మకుండా దాన్ని అలంకారంగా పెడితే పక్కింటివాళ్ల మనసు కష్టపడవచ్చు.

కేకు గుడ్డు లేకుండా చెయ్యండి. ధనుర్మాసంలో, మార్గశిర గురువారాల్లో అత్తగారు గుడ్డు తాకని మనిషైతే, ఆవిడ తినలేని కేకుతో ఇంట్లో రెండు పంక్తులు పడతాయి. కిస్‌మిస్, టూటీ ఫ్రూటీ, ఖర్జూరం ముక్కలు అన్నీ కలిపి నూటయాభై గ్రాములు ముందురోజు రాత్రి నారింజ రసంలో నానబెట్టండి. మర్నాడు వడకట్టి, రెండు చెంచాల మైదాలో దొర్లించండి, లేకపోతే అన్నీ అడుక్కి దిగిపోతాయి. కప్పు పెరుగులో ముప్పావు కప్పు పంచదార కరిగేదాకా గిలక్కొట్టి, ఒకటింబావు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూను వంటసోడా కలిపితే అయిదు నిమిషాల్లో నురగ వస్తుంది. అప్పుడు అర కప్పు నూనె, తర్వాత కప్పున్నర మైదా జల్లించి కలపాలి. నురగ వచ్చాక పిండిని పక్కనపెట్టి వేరే పని చూసుకుంటే ఆ గాలి పోయి కేకు పిడచకట్టుకుపోతుంది. పండ్లముక్కలు ఆఖర్న వేయండి. పెద్ద కుక్కర్‌లో నీళ్లు పొయ్యకుండా, విజిల్, గాస్కెట్ తీసేసి, అడుగున ఉప్పు పోసి, స్టాండు పెట్టి పది నిమిషాలు వేడెక్కించి, పిండి పోసిన గిన్నెను లోపల పెట్టి సన్నసెగ మీద నలభై అయిదు, యాభై నిమిషాలు ఉంచాలి. మొదటి అరగంటలో మూత తీస్తే నడుమ గుంటపడుతుంది. పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి. మొదటి ముక్క అత్తగారికి పాప చేతితో ఇప్పించండి. తినకపోతే బతిమాలకండి, డబ్బాలో పెట్టి ఉంచండి.

పాప స్నేహితురాలితో చర్చికి వెళతానంటే పంపండి, మీరూ వెళ్లండి. వెనక వరుసలో కూర్చుని, అందరూ లేచినప్పుడు లేచి నిలబడితే చాలు, ప్రార్థన చెయ్యనక్కర్లేదు. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభువు బల్ల ఉంటే మాత్రం అది బాప్తిస్మం పొందినవాళ్లది. మీరూ పాపా కూర్చున్నచోటే ఉండండి, ఈ మాట పాపకు ఇంటి దగ్గరే చెప్పండి. ఆరాధన అయ్యాక మధ్యాహ్నం పళ్లో మిఠాయో పట్టుకుని పక్కింటికి వెళ్లండి. వాళ్లు మీకోసం ప్రార్థన చేస్తామంటే మర్యాదగా వినండి. తర్వాత కూడా చర్చికి రమ్మంటే "మేం నమ్మం అక్కా, పండగకు మాత్రం తప్పక వస్తాం" అని అప్పుడే చెప్పేయండి. మొహమాటానికి చూద్దాంలే అంటే వాళ్లకు లేనిపోని ఆశ పెట్టినవాళ్లవుతారు.

శాంటా గురించి పాప అడిగితే, అదొక ఆట అని చెప్పండి. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి టర్కీలో ఉన్న మైరాలో నికొలస్ అనే బిషప్ ఉండేవారు, ఆయన దానగుణం గురించి చెప్పుకున్న కథల్లోంచి ఈ తాత పుట్టాడు అంటే ఏడేళ్ల పిల్లకు అర్థమవుతుంది. కానుక ఒక్కటి చాలు.

మీవారి బెంగను తీసిపారెయ్యను. పొరుగునే ఉన్న కంధమాల్‌లో 2007 క్రిస్మస్ వేళ అల్లర్లు జరిగాయి, ఆ జ్ఞాపకం మీ వైపు ఇంకా ఉంది. చట్టం మాటకొస్తే, ఒడిశా 1967లో చేసిన మత స్వేచ్ఛ చట్టం బలవంతంగా, ఆశచూపి, మోసగించి మతం మార్చడం గురించి. వరండాలో నక్షత్రం కట్టుకుంటే మతం మారినట్టు కాదు. వీధి గుసగుసలకు మందు దాపరికం లేకపోవడమే. కేకు కోసే వేళకు వీధిలో పిల్లలందరినీ పిలవండి, సంక్రాంతికీ అదే పిల్లల్ని పిలవండి. ఎవరైనా సూటిగా అడిగితే "మతంలో కలవలేదండీ, పాప సరదా" అని ఒక్కమాటతో ఆపండి. వీధిలో నిజంగానే వేడి ఉన్న ఏడాదైతే నక్షత్రం ఇంటి లోపలే కట్టుకోండి.

మరిదికి వివరాలు చెప్పుకుంటూ కూర్చోవద్దు. సంక్రాంతికి వచ్చినప్పుడు భోగిమంట దగ్గర మీరంతా కనిపిస్తారు. ఇంత చేసినా ఈ ఏడు అత్తగారు ఒప్పుకోలేదనుకోండి, ఇంట్లో పంతానికి పోకుండా పాప గదిలో చిన్న నక్షత్రంతో సరిపెట్టుకుని, కేకు మాత్రం పక్కింటమ్మాయితో కలిసి వాళ్లింట్లో చేయించండి. సంక్రాంతికి ఇచ్చిన మాట మాత్రం అలాగే నిలబెట్టుకోండి.