మెల్‌బోర్న్ కప్పు గెలిచిన మొదటి మహిళా జాకీ ఎవరు? ఈ పనిలో ఆడవాళ్ళు తక్కువ కనిపించేది బలం చాలకేనా?

మిషెల్ పేన్. ఆస్ట్రేలియాలో జరిగే ఈ పెద్ద గుర్రపు పందాన్ని 2015 నవంబరు 3న, ప్రిన్స్ ఆఫ్ పెన్జాన్స్ అనే గుర్రం మీద గెలిచింది. మొదటి ప్రశ్నకి ఇంతే జవాబు. రెండో ప్రశ్న చూశాక మాత్రం ఊరుకోలేకపోయాను.

నేను మలక్‌పేట రేస్‌కోర్సు పక్కన పెరిగినవాణ్ణి. మా నాయిన సైసు, అంటే గుర్రాలని చూసుకునే పనివాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి లాయానికి వెళ్ళేవాడు, వెనకాలే నేనూ మా అక్కా. అప్పట్లో ఒక ఆడ గుర్రం ఉండేది. అసలు పేరు ఏదో ఇంగ్లీషులో పొడుగ్గా ఉండేది, మేం లాలీ అనేవాళ్ళం. ఎవరు దగ్గరికెళ్ళినా చెవులు వెనక్కి పెట్టి కొరకడానికి వచ్చేది. అక్క మాత్రం అరచేతిలో బెల్లంముక్క పెట్టుకుని పక్కన నిలబడి, దాని నోటి మూల పళ్ళు లేని చోట బొటనవేలు పెట్టేది. అక్కడ వేలు తగిలితే గుర్రం తనంతట తనే నోరు తెరుస్తుంది. కళ్ళెం లోపలికి వెళ్ళిపోయేది, గొడవ లేకుండా. అది నేను నేర్చుకోడానికి ఏడాది పట్టింది. అక్కకి ఎవరూ నేర్పలేదు.

పొద్దున పూట గుర్రాలని ట్రాక్ మీద తిప్పే పనివాళ్ళని రైడింగ్ బాయ్ అంటారు. బాయ్ అన్నాక ఇంకేముంది? పదిహేడేళ్ళకి ఆ పని నాకు దొరికింది. అక్క నాకంటే తేలిక, నాకంటే చెయ్యి మెత్తన. గుర్రాన్ని నడిపించుకుని రావచ్చు, మేత పెట్టచ్చు, మాలిష్ చెయ్యచ్చు, ఎక్కడానికి మాత్రం లేదు. "ఆడపిల్ల గుర్రమెక్కుడేంది" అని అనే అవసరం కూడా ఎవరికీ రాలేదు, ఎందుకంటే అక్క అడగనే లేదు. రెండేళ్ళు తిరిగేసరికి నేను అరవై కిలోలు దాటాను, జాకీ అవ్వాలన్న ఆశ అక్కడితో సరి. 2013లో ఇక్కడ ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలో ఒక లాయంలో ట్రాక్ రైడర్‌గా పనికి వచ్చాను.

ఇక అసలు విషయం. రేసులో బలం అంటే గుర్రం బలం. అరటన్ను జంతువుని ఏ మగాడూ కండబలంతో ఆపలేడు. జాకీకి కావలసింది తూకం, లెక్క, చేతుల్లో ఓపిక. వీటన్నిటికంటే ముందు కావలసింది సవారీ. ఫలానా గుర్రం మీద ఫలానా రోజు ఎవరు ఎక్కాలో ట్రైనరూ యజమానులూ తేలుస్తారు. ఆరు నెలలు చీకట్లో లేచి ఒక గుర్రాన్ని తయారు చేసినా, పెద్ద రేసు రోజున పేరున్న మగ జాకీని తెచ్చి కూర్చోబెడితే నువ్వు రైలింగ్ దగ్గర నిలబడి చూడాల్సిందే. మంచి గుర్రం ఇవ్వరు, అందుకని గెలుపులు ఉండవు, గెలుపులు లేవు కాబట్టి గుర్రం ఇవ్వరు.

అమెరికాలో మొదట్లో ఆడవాళ్ళకి బరిలోకి దిగే వీలే ఉండేది కాదు. 1969 ఫిబ్రవరిలో డయాన్ క్రంప్ ఫ్లోరిడాలోని హయాలియా రేస్‌కోర్సులో బరిలోకి దిగినప్పుడు, ట్రాక్ దాకా పోలీసులు కాపలాగా నడిచారు. పన్నెండు గుర్రాల్లో పదో స్థానం. మరుసటి ఏడాది ఆమే కెంటకీ డెర్బీలో పరిగెత్తించిన మొదటి మహిళ అయింది. మెల్‌బోర్న్ కప్పులో పరిగెత్తించిన మొదటి మహిళ మారీ లిండన్ అనే ఆవిడ, 1987లో. ఈ కప్పు మొదలైంది 1861లో. మధ్యలో ఎన్నేళ్ళో మీరే లెక్కేసుకోండి.

పేన్‌ది బల్లరాట్ దగ్గర మైనర్స్ రెస్ట్ అనే చిన్న ఊరు. పదిమంది పిల్లల్లో ఆఖరిది. ఆరు నెలల పిల్లగా ఉన్నప్పుడే తల్లి కారు ప్రమాదంలో పోయింది. తండ్రి ప్యాడీ గుర్రాల ట్రైనరు, పదిమందినీ ఒక్కడే పెంచాడు. వాళ్ళలో ఎనిమిదిమంది జాకీలయ్యారు. ఆ ఇంట్లో ఆడపిల్ల గుర్రం ఎక్కచ్చా అనే ప్రశ్నే లేదన్నమాట. మెల్‌బోర్న్ కప్పు గెలుస్తానని ఏడేళ్ళప్పుడే స్నేహితులకి చెప్పిందట. పదిహేనేళ్ళకి బల్లరాట్‌లో తండ్రి తయారు చేసిన గుర్రం మీద, ఎక్కిన మొదటి రేసే గెలిచింది.

2004లో శాండౌన్ రేస్‌కోర్సులో గుర్రం మీంచి పడి పుర్రె చిట్లింది, మెదడుకి దెబ్బ తగిలింది. 2007లో పేన్ అక్క బ్రిజిడ్, తనూ జాకీయే, గుర్రం మీంచి పడిన కొన్ని నెలలకి చనిపోయింది. ఇంట్లోవాళ్ళు మానెయ్యమన్నారు. మానలేదు. నేను పడ్డప్పుడు కాలర్‌బోన్ విరిగితేనే మళ్ళీ ఎక్కడానికి మూడు నెలలు గుండె దడదడలాడింది, అందుకే ఈ "మానలేదు" అనే మాటని తేలిగ్గా రాయలేకపోతున్నాను.

ప్రిన్స్ కూడా అలాంటిదే. న్యూజిలాండ్‌లో యాభై వేల డాలర్లకి కొన్న గుర్రం. ఈ లోకంలో అది చవక. కాళ్ళకి ఆపరేషన్, కడుపునొప్పికి ఆపరేషన్. గుర్రాలతో బతికినవాళ్ళకి తెలుసు, వాటికి కడుపునొప్పి వచ్చిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. పరిగెత్తిన 24 రేసుల్లో 23 సార్లు దాని మీద ఉన్నది పేనే. దాని మీద ఆమెనే ఉంచడం కొందరు యజమానులకి ఇష్టం లేదు. ట్రైనర్ డారెన్ వేర్, యజమానుల్లో జాన్ రిచర్డ్స్ అనే ఆయన గట్టిగా పట్టుబట్టి ఆమెనే ఉంచారు. నా దృష్టిలో ఆ కప్పులో సగం అక్కడే గెలిచారు. (అదే వేర్‌ని గుర్రాలకి షాక్ కొట్టే పరికరాలు దగ్గర పెట్టుకున్నందుకు 2019లో నాలుగేళ్ళు నిషేధించారు. మంచి పని చేసినవాళ్ళందరూ మంచివాళ్ళే అనుకోకండి.)

కప్పు రోజున మా లాయం గుర్రాలేవీ బరిలో లేవు. టీ గదిలో టీవీ ముందు చేరాం. ఆ రోజు ఇక్కడ ప్రతి ఆఫీసులోనూ గుర్రాల పేర్లతో చీట్లు తీస్తారు, తలా ఐదు డాలర్లు. నాకు ఫేమ్ గేమ్ వచ్చింది, జపాన్ గుర్రం, ఫేవరెట్. నా ఆనందం చూడాలి! ప్రిన్స్ చీటీ లాయం కడిగే ఒక పెద్దాయనకి వచ్చింది. పందెంలో ఒకటికి వంద ధర, అంటే గెలుస్తుందని ఎవరికీ నమ్మకం లేదన్నమాట. "మార్చుకుంటారా ఎవరైనా" అని గదంతా తిరిగాడు, ఎవరూ తీసుకోలేదు.

ఫ్లెమింగ్టన్ రేస్‌కోర్సు, 3200 మీటర్లు, 24 గుర్రాలు. ప్రిన్స్ మీద బరువు 53 కిలోలు, జాకీ, జీను కలిపి. రేసు మొదలయ్యే గేటు నంబర్ల డ్రాలో దాని తరఫున బిళ్ళ తీసింది పేన్ అన్న స్టీవీ. అతనికి డౌన్ సిండ్రోమ్, ఆ గుర్రానికి సైసు అతనే. ఒకటో నంబరు తీశాడు. లోపలి కంచె పక్క గేటు అంటే దూరం కలిసొస్తుంది గానీ, చుట్టూ గుర్రాలు మూసేస్తే బయటికి దారుండదు. పేన్ తొందరపడలేదు. మలుపు తిరిగాక సందు దొరికించుకుని బయటికి వచ్చింది. వెనకాల మాక్స్ డైనమైట్ మీద ఫ్రాంకీ డెటోరీ, ప్రపంచంలోనే పేరుమోసిన జాకీ, దారి లేక ఇరుక్కున్నాడు. గుర్రం నిడివిలో సగం తేడాతో పేన్ గెలిచింది. నా ఫేమ్ గేమ్ పదమూడోది.

తర్వాత మైకు పెడితే, ఇది మగవాళ్ళు పెత్తనం చేసే ఆట అనీ, ఆడవాళ్ళకి బలం చాలదనుకునేవాళ్ళంతా పోండి అనీ అనేసింది. నిజానికి ఆమె వాడిన మాట ఇంకాస్త మోటుగా ఉంటుంది. టీ గదిలో గోల గోల. మా హెడ్ మాత్రం, ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్న ఆవిడ, గడియారం చూసి "మేత టైమైంది" అని లేచింది.

ఆ తర్వాతంతా పండగేం కాదు. 2016 మే నెలలో మిల్డూరాలో పడి క్లోమానికి దెబ్బ తగిలి ఆపరేషన్ అయింది. 2017లో ఆకలి చంపే మందు పరీక్షలో బయటపడి నాలుగు వారాలు సస్పెండయింది. తప్పే. తూకం కోసం ఈ పనిలో మగా ఆడా ఏమేం చేస్తారో చూసినవాణ్ణి కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు. తనే ట్రైనర్ లైసెన్సు కూడా తీసుకుంది, అది నాకు నచ్చింది. ట్రైనరు తనే అయితే జాకీని మార్చేవాడు ఒకడు తగ్గుతాడు కదా!

బలం మాటకొస్తే ఇంకొక్కటి. మెల్‌బోర్న్ నగర రేసుల్లో ఒకే సీజన్‌లో వంద గెలుపులు దాటిన మొదటి జాకీ, 2020-21లో, జేమీ కా అనే అమ్మాయి. మగవాళ్ళని కూడా కలిపి చెప్తున్నాను. మన దేశంలో చెన్నై అమ్మాయి రూపా సింగ్ ఉంది. ఆమెదీ తాతల నుంచీ గుర్రాలు సాకిన ఇల్లే.

కప్పు రోజు రాత్రి అక్కకి వీడియో పంపించి ఫోన్ చేశాను. మైకులో అన్న మాటకి నవ్వుతుందనుకున్నా. అక్క దృష్టి దాని మీద లేదు.

"గా సైసు పోరన్కి ఏమిచ్చిండ్రు రా?"

చెప్పాను. ఫార్ ల్యాప్ అని 1930లో ఈ కప్పు గెలిచిన గుర్రం ఉండేది, దాని సైసు టామీ వుడ్‌కాక్ పేరు మీద గెలిచిన గుర్రం సైసుకి విడిగా ఒక ట్రోఫీ ఇస్తారు, స్టీవీకి అదొచ్చింది అని.

"సైసుకు కప్పా?" అంది అక్క. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "ఆగు, నాయినకిస్త, నువ్వే చెప్పు" అని ఫోను ఇచ్చేసింది.